సున్నా వెనక దాగే లోపాలు: వేబ్రిడ్జిని దూరం నుంచి పర్యవేక్షించే ఏర్పాటు

లారీలను తూచే వేబ్రిడ్జికి గేట్‌వే (రీడింగులను నెట్‌వర్క్‌లోకి పంపే పెట్టె) తగిలించి, ఇండికేటర్ (కాటా బరువు చూపే మీటరు) చూపే అంకెను ఎక్కడో ఉన్న కంప్యూటర్ తెర మీదికి తేవడం పెద్ద పని కాదు. అయితే కాటా బాగున్నప్పుడూ పాడవుతున్నప్పుడూ ఆ అంకె దాదాపు ఒకేలా కనిపిస్తుంది. దీనికి కారణం ఆటో జీరో ట్రాకింగ్. కాటా ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే చిన్నచిన్న మార్పులను ఇండికేటర్ తనంతట తానే సున్నాలో కలిపేసుకుంటుంది. చట్టబద్ధ తూనికల అంతర్జాతీయ సంస్థ ఓఐఎంఎల్ ఇచ్చిన ఆర్ 76 నియమావళి ప్రకారం జీరో సెట్టింగ్, జీరో ట్రాకింగ్ రెండూ కలిసి గరిష్ఠ సామర్థ్యంలో 4 శాతం దాకా సర్దవచ్చు. 60 టన్నుల కాటాలో అది 2,400 కిలోలు. డెక్ (లారీ ఎక్కే వేదిక) మీదా దూలాల మీదా బురద పేరుకుంటున్నా, డెక్ కింద బరువును విద్యుత్ సిగ్నల్‌గా మార్చే ఒక లోడ్ సెల్‌లోకి తేమ దిగుతున్నా, మార్పు మెల్లగా వచ్చినంత కాలం తెర మీద సున్నా సున్నాగానే ఉంటుంది.

అందుకే దూరం నుంచి చూడాల్సింది జీరో ట్రాకింగ్ తాకని ముడి సిగ్నల్. వీలైతే ఒక్కో సెల్‌ది విడివిడిగా చూడాలి. బరువు అంకె వ్యాపారానికి, ముడి సిగ్నల్ ఇంజనీరుకు. ఈ రెండింటినీ మొదటి రోజు నుంచే వేర్వేరు దారుల్లో పంపేలా ఏర్పాటు చేసుకోవాలి.

ముందు లెక్క, తర్వాత కొలత

ఏ సిగ్నల్ ఎంత రావాలో తెలియకపోతే వచ్చింది సరైనదో కాదో చెప్పలేం. ఒక మామూలు ఉదాహరణ తీసుకుందాం: 60 టన్నుల కాటా, 20 కిలోల డివిజన్ (కాటా చూపే అతి చిన్న మెట్టు), 18 మీటర్ల డెక్, 30 టన్నుల లోడ్ సెల్‌లు ఆరు. సెల్ సున్నితత్వం వోల్ట్‌కు 2 మిల్లీవోల్ట్‌లు, ఎక్సైటేషన్ (సెల్‌కు ఇచ్చే వోల్టేజ్) 10 వోల్ట్‌లు.

సెల్‌లను సమాంతరంగా కలిపినప్పుడు జంక్షన్ బాక్స్ (సెల్ కేబుళ్లన్నీ కలిసే పెట్టె) నుంచి వచ్చేది ఆరింటి సగటు. మొత్తం 180 టన్నులకు 20 మిల్లీవోల్ట్‌లు వస్తాయి కాబట్టి 60 టన్నుల లోడుకు 6.67 మిల్లీవోల్ట్‌లు. దాన్ని 3,000 డివిజన్లతో భాగిస్తే ఒక్కో డివిజన్‌కు 2.2 మైక్రోవోల్ట్‌లు. ఎక్సైటేషన్ 5 వోల్ట్‌లైతే అది 1.1కి పడిపోతుంది. ఇంత చిన్న సిగ్నల్ మోసుకెళ్లే కేబుల్ పక్కనే మోటారు కేబుల్ పరిస్తే ఏమవుతుందో ఈ అంకె చూస్తేనే అర్థమవుతుంది.

డెక్ బరువు 12 టన్నులు, అది రెండు ముక్కలుగా ఉండి మధ్య సెల్‌ల మీద కలుస్తుంది అనుకుంటే, చివరి నాలుగు సెల్‌ల మీద ఒక్కోదానికి 1.5 టన్నులు, మధ్య రెండింటి మీద 3 టన్నుల చొప్పున పడుతుంది. అంటే ఖాళీ కాటాలో చివరి సెల్‌లు 1 మిల్లీవోల్ట్, మధ్యవి 2 మిల్లీవోల్ట్‌లు ఇవ్వాలి. సెల్ సర్టిఫికెట్‌లో ఉన్న సొంత జీరో బ్యాలెన్స్ వల్ల కొంచెం తేడా ఉంటుంది. సాధారణంగా అది పూర్తి అవుట్‌పుట్‌లో 1 శాతం లోపు, అంటే ఇక్కడ 0.2 మిల్లీవోల్ట్‌లు. మీ కొలత లెక్కకు దగ్గరగా రాకపోతే గేట్‌వే పెట్టెను ఇంకా విప్పకండి. సెల్ సరిగా కూర్చుందా, డెక్ ఎక్కడైనా ఆనుతోందా ముందు చూడండి.

జంక్షన్ బాక్స్‌కు తనిఖీ ముద్ర (సీలు) ఉంటే దాన్ని తెరిచే అధికారం ఎవరికి ఉందో, తెరిచాక మళ్లీ తనిఖీ అవసరమో ముందే తేల్చుకోండి. ఆ తర్వాత ఒక్కో సెల్‌ను విడదీసి ఇవి రాసుకోండి:

- సిగ్నల్ జత మధ్య నిరోధం. 350 ఓమ్‌ల రకం సెల్ అయితే 350కి చాలా దగ్గరగా ఉండాలి. ఎక్సైటేషన్ జత మధ్య అంతకన్నా కొంచెం ఎక్కువ, తరచూ 380 నుంచి 410 ఓమ్‌ల మధ్య ఉంటుంది. 700, 1,000 ఓమ్‌ల సెల్‌లూ ఉన్నాయి కాబట్టి డేటా షీట్ చూసే నిర్ణయించాలి.
- వైర్లన్నీ కలిపి సెల్ ఒంటికి మధ్య ఇన్సులేషన్. కొత్త సెల్‌లో ఇది 5,000 మెగాఓమ్‌లు దాటి ఉంటుంది. 50 వోల్ట్‌ల డీసీ కంటే ఎక్కువ వాడవద్దు. 500 వోల్ట్‌ల మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెడితే లోపలి గేజ్‌లు దెబ్బతింటాయి. సెల్ ఇండికేటర్‌కు కలిసి ఉండగా ఈ పరీక్ష చేయకూడదు.
- ఖాళీ డెక్ కింద ఒక్కో సెల్ ఇచ్చే మిల్లీవోల్ట్‌లు, అప్పటి ఉష్ణోగ్రత, నిజంగా సెల్ దగ్గర అందుతున్న ఎక్సైటేషన్ వోల్టేజ్.
- సెల్‌లన్నీ తిరిగి కలిపాక, అదే లోడును ఒక్కో సెల్ మీద ఉంచినప్పుడు ఇండికేటర్ చూపే బరువు.

ఈ కాగితమే మూలపత్రం. తర్వాత ఏళ్ల తరబడి వచ్చే ప్రతి అలారాన్నీ దీనితోనే పోల్చాలి. ఇది లేకుండా మొదలుపెట్టిన పర్యవేక్షణలో గ్రాఫులు చాలా వస్తాయి, జవాబులు మాత్రం రావు.

కేబుల్: ఆరు వైర్లు ఎందుకు

జంక్షన్ బాక్స్ నుంచి ఇండికేటర్ దాకా నాలుగు వైర్లు చాలనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 50 మీటర్ల దూరం, 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అనుకోండి. రానూపోనూ నిరోధం సుమారు 3.6 ఓమ్‌లు. ఆరు సెల్‌ల ఎక్సైటేషన్ నిరోధం కలిపి 67 ఓమ్‌లు. అంటే 5 శాతం వోల్టేజ్ తీగలోనే పోతుంది. ఆ నష్టం స్థిరంగా ఉంటే కాలిబ్రేషన్‌లో సర్దుకునేదే. కానీ రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున మారుతుంది. 20 డిగ్రీల తేడా వస్తే కొలతలో 0.4 శాతం తేడా, నిండు లోడు మీద 12 డివిజన్లు. తెల్లవారుజామున ఒక తూకం, మధ్యాహ్నం ఒక తూకం వస్తుందన్న ఫిర్యాదుకు ఇదొక కారణం. రెండు సెన్స్ వైర్లు వేస్తే సెల్ దగ్గర అందిన వోల్టేజ్ ఎంతో ఇండికేటర్‌కు తెలుస్తుంది, లెక్క తనే సరిచేసుకుంటుంది.

సెల్‌తో పాటు వచ్చిన నాలుగు వైర్ల కేబుల్‌ను మాత్రం కత్తిరించవద్దు. ఆ పొడవుతోనే ఫ్యాక్టరీలో కాలిబ్రేట్ చేసి ఉంటారు. మిగిలింది చుట్టగా చుట్టి బాక్స్ పక్కన పెట్టండి.

షీల్డ్‌ను ఒక్క చివరే ఎర్త్ చేయాలి. ప్రతి సెల్‌కూ పై ప్లేటు నుంచి కింది ప్లేటుకు మందపాటి రాగి జడ తీగ వేయాలి. పిడుగు కరెంటు సెల్ గుండా కాక ఆ తీగ గుండా పోతుంది. డెక్ మీద వెల్డింగ్ చేసేటప్పుడు ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే చోటే పెట్టాలి, సెల్ కేబుళ్లు ఊడదీయాలి. ఎర్త్ క్లాంపు సెల్‌కు అవతల ఉంటే వెల్డింగ్ కరెంటు అంతా సెల్ లోంచే వెళ్తుంది.

ఒక్కో సెల్ సిగ్నల్ ఎలా తీసుకోవాలి

మామూలు జంక్షన్ బాక్స్ ఆరు సిగ్నళ్లనూ కలిపి ఒకటిగా ఇస్తుంది. ఏ సెల్ చెడిందో అందులోంచి దూరం నుంచి తేల్చలేం. దీనికి రెండు దారులున్నాయి: డిజిటల్ లోడ్ సెల్‌లు వాడటం, లేదా ప్రతి సెల్‌కూ వేరే ఛానెల్ ఉన్న డిజిటల్ జంక్షన్ బాక్స్ పెట్టడం. పాత కాటాకు రెండోది సులువు. రెండూ కుదరకపోతే కలిపిన ముడి మిల్లీవోల్ట్‌లనూ ఉష్ణోగ్రతనూ అయినా పంపండి. కింద చెప్పే లక్షణాల్లో సగం వాటితోనే పట్టుబడతాయి.

ఇండికేటర్ నుంచి గేట్‌వేకి

ఎక్కువ ఇండికేటర్లు ఆర్‌ఎస్-485 (రెండు తీగల డేటా లైను) మీద మోడ్‌బస్ ఆర్‌టీయూ (పరికరాల నుంచి విలువలు చదివే ప్రొటోకాల్) ఇస్తాయి. లైను 1,200 మీటర్ల దాకా పోతుంది. రెండు చివరలా 120 ఓమ్‌ల టెర్మినేషన్ (లైను చివర పెట్టే నిరోధకం) ఉండాలి, మధ్యలో ఉన్న పరికరాలకు ఉండకూడదు. పరికరాలను వరసగా కలపాలి, ఒక చోటు నుంచి కొమ్మలుగా చీల్చకూడదు. గేట్‌వే వైపు పోర్టు ఐసోలేటెడ్‌గా (లోపలి సర్క్యూట్‌తో నేరుగా విద్యుత్ సంబంధం లేకుండా) ఉండాలి. కాటా గదికీ ఆఫీసుకూ ఎర్త్ వేర్వేరుగా ఉన్నచోట ఐసోలేషన్ లేని పోర్టు మొదటి ఉరుములకే పోతుంది.

రిజిస్టర్లు (ఇండికేటర్ తన విలువలు ఉంచే 16 బిట్ల గడులు) చదివేటప్పుడు జరిగే తప్పులు పరీక్ష రోజున బయటపడవు. అందుకే వాటిని ఇక్కడే వివరంగా చెప్పాలి.

16 బిట్ల గుర్తున్న సంఖ్య 32,767 దాకానే పట్టుకుంటుంది. 25 టన్నుల లారీతో పరీక్షిస్తే అంతా బాగుంటుంది. 60,000 కిలోలు వచ్చిన రోజు తెర మీద మైనస్ 5,536 కనిపిస్తుంది. బరువును ఎప్పుడూ 32 బిట్లుగా చదవండి.

32 బిట్ల సంఖ్య రెండు రిజిస్టర్లలో వస్తుంది. ఏది ముందో తయారీదారును బట్టి మారుతుంది. తారుమారైతే 25,000 కిలోలు 163,84,00,000గా కనిపిస్తుంది. ఇది వెంటనే తెలిసిపోయే తప్పు కాబట్టి ప్రమాదం తక్కువ.

ప్రమాదం ఎక్కువున్నది బరువునూ స్టేటస్‌నూ వేర్వేరు అభ్యర్థనలతో చదవడంలో. మొదటి దానికీ రెండోదానికీ మధ్య లారీ కదిలితే, కదులుతున్న బరువుకు స్థిరం అన్న గుర్తు అంటుకుంటుంది. బరువు, స్థిరత్వం, ఓవర్‌లోడ్, గ్రాస్ లేదా నెట్ అన్న గుర్తులు, అన్నీ ఒకే అభ్యర్థనలో రావాలి. అవి పక్కపక్క రిజిస్టర్లలో లేకపోతే మధ్యలోవి కూడా కలిపి చదివి, అక్కర్లేనివి పారేయండి.

బెల్ట్ వెయ్యర్ (కన్వేయర్ బెల్ట్ మీద సరుకును తూచే కాటా) మొత్తాలను 32 బిట్ల ఫ్లోట్‌గా, అంటే దశాంశ సంఖ్య రూపంలో, తీసుకుంటే ఇంకో చిక్కు ఉంది. 1,67,77,216 దాటాక ఆ రూపంలో ఒక్కో కిలో కలపడం కుదరదు, చిన్న మొత్తాలు కలిపినా అంకె కదలదు. కిలోల్లో లెక్కించే టోటలైజర్‌కు పూర్ణసంఖ్య రిజిస్టర్ వాడండి.

4–20 మిల్లీఆంప్ అవుట్‌పుట్ నియంత్రణకు సరిపోతుంది, రికార్డుకు కాదు. 16 మిల్లీఆంప్‌లను 3,000 డివిజన్లకు పంచితే ఒక్కోదానికి 5.3 మైక్రోఆంప్‌లే.

పరీక్షించే పద్ధతి ఇది: 33 టన్నులు దాటిన వాహనం ఒకటి ఎక్కించి చూడండి. తర్వాత లోడు మీద టేర్ (అప్పటి బరువును సున్నాగా తీసుకునే మీట) నొక్కి, లోడు దించి, మైనస్ నెట్ బరువు సరిగా వస్తోందా చూడండి. ఒక సెల్ కేబుల్ ఊడదీసి, స్టేటస్‌లో లోపం గుర్తు దూరపు తెర దాకా చేరుతోందా చూడండి. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. అలారం పనిచేస్తుందని నమ్మడానికి అంతకన్నా వేరే రుజువు లేదు.

ఏది పంపాలి, ఎప్పుడు

సెకనుకు పదిసార్లు అన్నీ పంపితే నెల తిరిగేసరికి చదవలేనంత డేటా పోగవుతుంది. మూడు రకాల రికార్డులు చాలు.

ఖాళీ రికార్డు: కాటా మీద ఏమీ లేక, రెండు నిమిషాలుగా స్థిరంగా ఉన్నప్పుడు 30 సెకన్ల సగటు తీసి, 15 నిమిషాలకొకసారి పంపండి. ఇందులో ప్రతి సెల్ మిల్లీవోల్ట్‌లు, డెక్ కింది ఉష్ణోగ్రత, ఎక్సైటేషన్, జీరో ట్రాకింగ్ ఇప్పటిదాకా ఎంత సవరించిందో ఉండాలి. గాలి గట్టిగా వీచేచోట సగటు కాలాన్ని పెంచండి.

తూకం రికార్డు: ప్రతి తూకానికీ ఒకటి. బరువు, స్టేటస్, ఆ క్షణాన ప్రతి సెల్ విలువ, వాహనం ఎక్కకముందు సున్నా, దిగాక సున్నా.

మూడోది వాహనం ఎక్కే నిమిషం తాలూకు వేగపు నమూనాలు, సెకనుకు పది. ఇది రోజూ అక్కర్లేదు. అనుమానం వచ్చినప్పుడు దూరం నుంచి అడిగి తెప్పించుకునేలా ఉంచండి.

నెట్‌వర్క్ పోతుంది, అది ఖాయం. గేట్‌వేలో కనీసం 30 రోజుల రికార్డులు దాచుకుని, లైను రాగానే వరసగా పంపే సదుపాయం ఉండాలి. ఎంక్యూటీటీ (సర్వర్ ద్వారా సందేశాలు పంపే ప్రొటోకాల్)లో క్యూఓఎస్ 1 స్థాయి పెడితే సందేశం తప్పకుండా చేరుతుంది, కానీ రెండుసార్లు చేరవచ్చు. కాబట్టి ప్రతి తూకానికీ ఇండికేటర్ ఇచ్చిన వరుస సంఖ్య జతచేసి, అందుకునే వైపు రెండోసారి వచ్చినదాన్ని వదిలేయాలి. ప్రస్తుత బరువును రిటెయిన్డ్ (సర్వర్ దాచి ఉంచే) సందేశంగా పంపవద్దు. గేట్‌వే ఆగిపోయినా ఆ పాత బరువే తాజాదిలా తెర మీద నిలిచి ఉంటుంది. లాస్ట్ విల్ (గేట్‌వే తెగిపోతే సర్వరే పంపే) సందేశం పెట్టి, లైను తెగిన సంగతి తెలిసేలా చేయండి. సమయాన్ని ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారం సరిచేసే పద్ధతి)తో సరిచేసుకునే గేట్‌వే నుంచి తీసుకోండి, ఇండికేటర్ గడియారాన్ని నమ్మవద్దు.

మొబైల్ మోడెమ్ యాంటెనాను జంక్షన్ బాక్స్‌కూ ఇండికేటర్‌కూ దూరంగా బిగించండి. 2జీ మోడెమ్ ప్రసారం చేసే క్షణాల్లో 2 ఆంప్‌ల దాకా లాగుతుంది. ఇండికేటర్ పవర్ సప్లై నుంచే దానికి కరెంటు ఇస్తే ఆ కుదుపు తూకంలో కనిపిస్తుంది. విడి సప్లై ఇవ్వండి.

గ్రాఫు చదవడం

కష్టపడి పెట్టిన ఏర్పాటు ఫలం ఇచ్చేది ఇక్కడే.

ఒక సెల్ విలువ వాన పడ్డాక మెల్లగా పైకో కిందికో జరిగి, ఎండ కాశాక వెనక్కి వస్తోందంటే, కేబుల్ ప్రవేశం దగ్గరో జంక్షన్ బాక్స్ గ్లాండ్ దగ్గరో తేమ చేరుతోంది. మొదట బాక్స్ చూడండి, అది చౌక. బాక్స్ పొడిగా ఉంటే ఆ సెల్ ఇన్సులేషన్ కొలవండి. 1,000 మెగాఓమ్‌ల కిందికి దిగిన సెల్ మళ్లీ కోలుకుంటుందని ఎదురుచూడవద్దు, మార్చే ఏర్పాటు చేసుకోండి.

నాలుగు సెల్‌ల డెక్‌లో ఎదురెదురు మూలల జత పెరిగి, మిగతా జత అంతే తగ్గి, మొత్తం మారకపోతే అది సెల్ లోపం కాదు. పునాది ఒక మూల కుంగింది, లేదా ఒక సెల్ కింద షిమ్ (ఎత్తు సర్దే పలచటి రేకు) జరిగింది. మొత్తం సరిగ్గానే ఉంది కదా అని వదిలేస్తే రెండు సెల్‌లే బరువంతా మోస్తాయి.

ఖాళీ సిగ్నల్ రోజూ మధ్యాహ్నానికి మారి రాత్రికి తిరిగి వస్తుంటే, డెక్ చివర గోడకు ఆనుతోందేమో చూడండి. ఉక్కు మీటరుకు, డిగ్రీకి 12 మైక్రోమీటర్లు సాగుతుంది. 18 మీటర్ల డెక్ 30 డిగ్రీల తేడాకు 6.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ ఖాళీలో ఒక్క రాయి ఇరుక్కున్నా చాలు. గుండ్రంగా ఎక్కి దిగే గీత ఉష్ణోగ్రత ప్రభావం. ఒక ఉష్ణోగ్రత దాటగానే గీత ఉన్నట్టుండి విరిగితే అది తగలడం.

వాహనం దిగాక సున్నా వెంటనే రాకపోవడం, తర్వాతి వాహనం దిగాక మరోలా ఉండటం డెక్ కింద ఇరుకుకు గుర్తు. చెక్ రాడ్ (డెక్ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) బిగువుగా ఉందా, బంపర్ బోల్ట్ తాకుతోందా, దూలం కింద బురద గట్టిపడిందా చూడాలి. ఈ ఒక్క కొలత, అంటే ముందు సున్నాకూ తర్వాతి సున్నాకూ తేడా, మిగతా అన్నిటికన్నా ముందుగా హెచ్చరిస్తుంది. ఒక్కటే గ్రాఫు పెట్టే వీలుంటే దీన్నే పెట్టండి.

ఉరుముల తర్వాతో, లారీ గట్టిగా బ్రేకు వేశాకో ఒక సెల్ సున్నా ఒక్కసారిగా మెట్టులా జరిగి అక్కడే ఉండిపోతే ఆ సెల్ దెబ్బతింది. సున్నా మళ్లీ సెట్ చేస్తే తెర బాగుంటుంది, కానీ ఆ సెల్ సున్నితత్వం కూడా మారి ఉండవచ్చు. తూనిక రాళ్లతో పరీక్షించేదాకా దాన్ని నమ్మకూడదు.

సున్నా ఎంత నిలకడగా ఉన్నా స్పాన్ (లోడుకు తగ్గట్టు అంకె ఎంత పెరుగుతుందన్నది) సంగతి చెప్పదు. దానికి రోజూ వచ్చే వాహనాల ఖాళీ బరువులు పనికొస్తాయి. ఒక్క వాహనం మీద ఆధారపడితే ఇంధనం, బురద, టైర్ల మార్పు తప్పుదారి పట్టిస్తాయి. ముప్పై నలభై వాహనాల ఖాళీ బరువుల్లో వచ్చిన తేడాల మధ్యస్థం తీసి, వారం వారం చూడండి. అన్నీ ఒకే శాతంలో జరుగుతుంటే కాటా స్పాన్ జరుగుతోంది.

అలారం హద్దులు

మొదటి నెల ఏ అలారమూ పెట్టవద్దు, రికార్డు చేయండి. రోజువారీ ఊగిసలాట ఎంతో తెలిశాక, దానికి మూడింతలను తొలి హద్దుగా పెట్టుకోవచ్చు. తిరిగి సున్నాకు రావడంలో తేడా, పది తూకాల్లో మూడింటికి ఒక డివిజన్ దాటితే కబురు రావాలి. ఎక్సైటేషన్ 1 శాతం పడినా రావాలి.

అనుమతించే దోషాన్ని కూడా తెర మీద ఉంచండి. మూడో తరగతి (మధ్యస్థ కచ్చితత్వం) కాటాకు తొలి తనిఖీలో 500 డివిజన్ల దాకా అర డివిజన్, 2,000 దాకా ఒకటి, ఆపైన ఒకటిన్నర. మన ఉదాహరణలో 10 టన్నుల దాకా 10 కిలోలు, 40 దాకా 20, 60 దాకా 30. వాడకంలో దీనికి రెట్టింపు. అలారం వచ్చినప్పుడు ఈ హద్దులో ఎంత భాగం ఖర్చయిందో తెలిస్తే ఈరోజే వెళ్లాలా, వచ్చే వారం చాలా అన్నది నిర్ణయించుకోవచ్చు.

ముద్ర, తాళం

వ్యాపార తూకానికి వాడే కాటాలో గేట్‌వే చదవడానికే ఉండాలి. జీరో, టేర్, కాలిబ్రేషన్ రాసే రిజిస్టర్లను గేట్‌వేలోనే మూసేయండి. దూరం నుంచి స్పాన్ సవరించడం సాంకేతికంగా వీలైనా, తనిఖీ ముద్రకు అర్థం లేకుండా చేస్తుంది. ఇండికేటర్‌లో కాలిబ్రేషన్ మార్పులను లెక్కించే కౌంటర్ ఉంటే రోజుకోసారి చదివి పంపండి. ముద్ర చెక్కుచెదరక ఉండి ఆ అంకె పెరిగితే ఎవరో లోపలికి వెళ్లారు.

మోడ్‌బస్‌కు పాస్‌వర్డ్ అనేదే లేదు. నెట్‌వర్క్ మీద మోడ్‌బస్ వాడే 502 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిస్తే ప్రపంచంలో ఎవరైనా కాటాతో మాట్లాడగలరు. గేట్‌వే నుంచి బయటికి వెళ్లే వీపీఎన్ (ఇంటర్నెట్ మీద రహస్య దారి), లేదా 8883 పోర్టు మీద టీఎల్‌ఎస్ (గుప్తీకరణ)తో ఎంక్యూటీటీ మాత్రమే వాడండి. ప్రతి సైటుకూ వేరే సర్టిఫికెట్ ఇవ్వండి.

సెల్ మార్చినా, షిమ్ వేసినా, డెక్ కడిగినా, ఆ తేదీని గ్రాఫు మీద గుర్తుపెట్టి మూలపత్రం మళ్లీ రాయండి. కడిగిన రోజు ఖాళీ బరువు ఎన్ని కిలోలు తగ్గిందో నమోదు చేసుకుంటే, తర్వాతి కడుగు ఎప్పుడు అవసరమో గ్రాఫే చూపిస్తుంది. పాత సెల్ సీరియల్ సంఖ్య పేరున ఉన్న రికార్డును కొత్త సెల్ కింద కొనసాగించవద్దు.